కాస్టిక్ సోడా డబ్బాపై ‘విషం’ అనే మాట ఎలా వచ్చింది?

జాతీయ రహదారిపై వెళుతున్నప్పుడు మీ వాహనానికి ముందు ఒక ట్యాంకర్ లారీ సాగుతూ ఉంటుంది. దాని వెనుక పలకపై 1824 అనే సంఖ్య, దాని పక్కనే కోణంపై నిలబెట్టిన చతురస్రం కనిపిస్తాయి. చతురస్రం పైభాగం తెలుపు, కిందిభాగం నలుపు, అట్టడుగు మూలలో 8 అనే అంకె. తెల్లని భాగంలో రెండు గాజు గొట్టాల నుండి ద్రవం ఒలుకుతూ ఉంటుంది. ఒక ధార మనిషి చేతిమీద, మరొకటి లోహపు ముక్కమీద పడి రెండింటినీ తింటున్నట్లు బొమ్మ. 1824 అంటే కాస్టిక్ సోడా ద్రావణం. 8 అంటే తినివేసే పదార్థాల తరగతి.

కాస్టిక్ సోడా మనకు పరాయిది కాదు. కొవ్వూరు, కర్నూలు ప్రాంతాలలో దానిని తయారుచేసే కర్మాగారాలు దశాబ్దాలుగా ఉన్నాయి. సబ్బు, కాగితం, కృత్రిమ పట్టు, బాక్సైట్ నుండి అల్యూమినా తీయడం వంటి పనులన్నిటికీ అది కావాలి. మన ఇళ్లలో మురుగు గొట్టం మూసుకుపోయినప్పుడు పోసే తెల్లని పలుకులలోనూ చాలావరకు ఉండేది అదే. ఇంత సుపరిచితమైన పదార్థానికి ‘ఇది ప్రమాదకరం, ఇంత ప్రమాదకరం’ అని నిర్దిష్టమైన పేరు పెట్టడానికి మానవజాతికి చాలా కాలం పట్టింది. ఆ పని మొదలుపెట్టినవాడు రసాయన శాస్త్రవేత్త కాదు, గొంతు వైద్యుడు. అందుకే ఈ చరిత్రను వైద్య విషయంగా మీకు చెప్పదలచుకున్నాను.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ఆసిడ్ అంటే మనకు భయం ఉంది, క్షారమంటే అంత భయం లేదు. ‘సోడా’ అన్న పేరే వంటింటి మాటలా వినిపిస్తుంది. శరీరంలోపల జరిగేది మాత్రం వేరు. గాఢమైన ఆమ్లం కణజాలాన్ని తాకినప్పుడు అక్కడి మాంసకృత్తులు గడ్డకట్టి గట్టి పొరగా మారతాయి. ఆ పొర ఆమ్లాన్ని కొంతవరకు మరింత లోతుకు పోనీయకుండా ఆపుతుంది. క్షారం అలా కాదు. అది కణజాలంలోని కొవ్వును సబ్బుగా మారుస్తుంది, మాంసకృత్తులను కరిగిస్తుంది. గోడ కట్టుకునే అవకాశం ఇవ్వకుండా లోపలికి దిగుతూనే ఉంటుంది. కర్మాగారంలో నూనెను సబ్బుగా మార్చే చర్యే మన అన్నవాహిక గోడలో జరుగుతుందని ఊహించుకోండి. పైగా క్షారానికి ఘాటైన వాసన లేదు. ద్రవరూపంలో ఉంటే నోరు గ్రహించేలోపే ఒక గుక్క దిగిపోతుంది.

పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో పల్లెవాసులు కట్టెల బూడిద నీటితో ఇంట్లోనే సబ్బు కాచుకునేవారు. కాలక్రమాన బూడిద నీటి స్థానంలో డబ్బాలలో కాస్టిక్ సోడా వచ్చింది. వారి భాషలో దాని పేరు ‘లై’. సబ్బుకు, నేల కడగడానికి, గొట్టాలు శుభ్రపరచడానికి ప్రతి వంటింటిలోనూ చక్కెర డబ్బా పక్కన అది చేరింది. చూపుకు కూడా చక్కెరలాగే తెల్లన. డబ్బాపై తయారీదారు పేరు, వాడే విధానం ఉండేవి. అది మింగితే ఏమవుతుందో తెలిపే మాట చాలా డబ్బాలపై ఉండేది కాదు.

ఆ డబ్బాల ఫలితం షెవాలియర్ జాక్సన్ అనే వైద్యుని బల్ల మీదికి వచ్చేది. ఆయన 1865లో పిట్స్‌బర్గ్‌లో జన్మించారు, 1886లో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాల నుండి పట్టా పొందారు. కొసన చిన్న దీపం అమర్చిన సన్నని లోహపు గొట్టాలతో అన్నవాహికలోకి, శ్వాసనాళాలలోకి చూసే విద్యను అమెరికాలో నిలబెట్టినది ఆయనే. పిల్లలు మింగిన పిన్నీసులు, నాణేలు, బొత్తాలు ఆయన తీసి భద్రపరచినవి రెండు వేలకు పైగా నేటికీ ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియం సొరుగులలో ఉన్నాయి. సందర్శకులు వాటిని చూసి ఆశ్చర్యపడతారు. నా దృష్టిలో ఆయన చేసిన ఇంకొక పని అంతకంటె పెద్దది.

క్షారం మింగిన బిడ్డ మొదటి వారం బతికితే తల్లిదండ్రులు గండం గడిచిందనుకుంటారు. మూడు నాలుగు వారాల తరువాత అసలు కష్టం మొదలవుతుంది. కాలిన అన్నవాహిక మానుతూ మానుతూ మచ్చకట్టి ముడుచుకుంటుంది. మొదట అన్నం దిగదు, తరువాత జావ దిగదు, చివరకు సొంత ఉమ్మి కూడా దిగదు. జాక్సన్ తన ఆత్మకథలో ఏడేళ్ల బాలిక ఉదంతం ఒకటి రాశారు. ఆమె నీరు కూడా మింగలేని స్థితిలో వచ్చింది. ఆయన గొట్టం దింపి, ఇరుకైన చోట అడ్డుపడిన బూడిదరంగు ముద్దను పట్టుకారుతో తీసి, సన్నని సాగదీసే కడ్డీని దాటించారు. నర్సు గ్లాసుతో నీరు ఇచ్చింది. అలవాటైన భయంతో, తిరిగి పైకి వస్తుందనుకుంటూ ఆ పిల్ల కొద్దిగా తాగింది. అది మెల్లగా దిగింది. మరో గుక్క కూడా దిగింది. అప్పుడు ఆమె గ్లాసును పక్కకు జరిపి వైద్యుని చేతిని అందుకుని ముద్దు పెట్టుకుంది. ఈ వృత్తిలో నలభై ఏళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను, ఇటువంటి ఒక్క సంఘటన చాలు మనిషిని జీవితాంతం ఒకే పనికి కట్టిపడేయడానికి.

ఇరుకైన అన్నవాహికను సాగదీయడం ఒకనాటి పని కాదు. నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది. జాక్సన్ సహచరుడైన గేబ్రియల్ టక్కర్ 1924లో ఒక పద్ధతిని వివరించారు. బిడ్డ కడుపుకు రంధ్రం చేసి, నోటి నుండి కడుపు దాకా ఒక దారం ఉంచి, ఆ దారానికి కట్టిన మెత్తని కడ్డీలను కింది నుండి పైకి లాగడం. దానివల్ల ఎందరో పిల్లలు మళ్లీ అన్నం తిన్నారు. అయినా ఒక బిడ్డకు దారి తెరిచేసరికి వరండాలో మరొక బిడ్డ ఎదురుచూస్తూ ఉండేది. చికిత్సతో తీరేది కాదని జాక్సన్‌కు బోధపడింది. రాష్ట్ర శాసనసభల గుమ్మాలు ఎక్కారు, అమెరికన్ వైద్య సంఘం మద్దతు కూడగట్టారు, తల్లులకు, తోటి వైద్యులకు ఉపన్యాసాలిచ్చారు. ఆయన కోరినది నిషేధం కాదు. డబ్బాపై ఒక మాట కోరారు.

1927 మార్చి 4న ఆయన కోరిన మాట అమెరికా సమాఖ్య చట్టమైంది. ఆ చట్టాన్ని ఫెడరల్ కాస్టిక్ పాయిజన్ యాక్ట్ అన్నారు. పేజీల లెక్కన చిన్న చట్టమే. కాని అందులో ఒక కొత్త ఆలోచన ఉంది. ఇంటి వాడకానికి అమ్మే పన్నెండు రకాల పదార్థాలను పేర్కొని, ప్రతిదానికీ ఒక గాఢత గీత గీశారు. కాస్టిక్ సోడా, కాస్టిక్ పొటాష్ 10 శాతం, గంధకామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 శాతం, నత్రికామ్లం 5 శాతం, కార్బాలిక్ ఆమ్లం 5 శాతం, అమోనియా నీరు 5 శాతం, ఎసిటిక్ ఆమ్లం 20 శాతం. ఆ గీతను తాకినా దాటినా డబ్బాపై పదార్థపు వాడుక పేరు, తయారీదారు లేక అమ్మకందారు చిరునామా, ప్రమాదం జరిగితే చేయవలసిన చికిత్స, ‘పాయిజన్’ అనే మాట ఉండి తీరాలి. ఆ మాట ఎలా ఉండాలో కూడా చట్టమే చెప్పింది. వెనుక రంగుకు స్పష్టంగా భిన్నమైన రంగులో, నొక్కిపెట్టని పెద్ద అక్షరాలలో, పరిమాణం 24 పాయింట్లకు తగ్గకుండా ఉండాలి. అంటే సుమారు ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తు. కొలత చెప్పకపోతే ఆ మాట డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాలలోకి జారుకుంటుందని శాసనకర్తలకు తెలుసు.

ఆ సంవత్సరమే, 1927లోనే, బ్రిటన్‌లో జె. డబ్ల్యూ. ట్రెవన్ అనే శాస్త్రవేత్త విషాలను కొలిచే మరొక పద్ధతిని ప్రతిపాదించారు. ప్రయోగ జంతువులలో సగం చనిపోవడానికి ఎంత మోతాదు కావాలి అన్నదే ఆయన కొలబద్ద. మన రైతులు ఆ కొలబద్ద ఫలితాన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. పురుగుమందు డబ్బాపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఆ మోతాదును బట్టి వేసినవే. శరీరం బరువు కిలోకు 50 మిల్లీగ్రాములలోపు మోతాదే ప్రాణం తీసేదైతే ఎరుపు. కాస్టిక్ సోడాను ఈ తూకంలో వేస్తే దాని నిజస్వరూపం బయటపడదు. అది రక్తంలో కలిసి చంపే విషం కాదు, తగిలినచోటును తినే పదార్థం. బిడ్డ చనిపోకపోవచ్చు, జీవితమంతా అన్నం మింగలేకపోవచ్చు. చావును మాత్రమే లెక్కించే కొలబద్ద ఆ బిడ్డను ‘ప్రాణాలతో బయటపడినవారు’ అన్న గడిలో వేసి ఊరుకుంటుంది. అందుకే తినివేసే పదార్థాలకు వేరే వర్గం, వేరే కొలబద్ద అవసరమయ్యాయి.

ఆ కొలబద్ద కాలం. 1944లో అమెరికా ఆహార, ఔషధ పాలనాసంస్థకు చెందిన జాన్ డ్రెయిజ్, ఆయన సహచరులు కుందేళ్ల చర్మంపైన, కళ్లలోను పదార్థాలను పరీక్షించి మార్కులు వేసే పద్ధతిని ప్రచురించారు. మూగజీవాలను హింసించే పరీక్షగా దానికి చెడ్డపేరు వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. నేడు ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మకణాల పొరలపై చాలావరకు అదే పని చేయగలుగుతున్నారు. కాని నేటి వర్గీకరణ అంతటికీ పునాది ఆ తరహా పరీక్షలే. ప్రశ్న ఒక్కటే. చర్మం పూర్తి మందం మేర నశించడానికి పదార్థం ఎంతసేపు తగలాలి? మూడు నిమిషాలు లేక అంతకు తక్కువ సేపు తగిలి, గంటలోపే నాశనం కనబడితే మొదటి మెట్టు, అంటే అత్యంత ప్రమాదకరం. మూడు నిమిషాలు దాటి గంటలోపు తగిలితే రెండవది. గంట దాటి నాలుగు గంటలలోపు తగిలితే మూడవది. ఈ చివరి రెండింటిలో ఫలితం కోసం పద్నాలుగు రోజులు చూస్తారు. మనిషి చర్మాన్ని తినకపోయినా ఉక్కును గాని అల్యూమినియంను గాని 55 డిగ్రీల వేడిలో ఏడాదికి 6.25 మిల్లీమీటర్లకు మించి తింటే రవాణా లెక్కలో దానినీ ఈ తరగతిలోనే చేరుస్తారు. ట్యాంకర్ బొమ్మలో చేయి, లోహం రెండూ ఎందుకున్నాయో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

ఇక్కడ కొంచెం పక్కదారి పట్టడానికి అనుమతించండి. గాఢత, కాలం అనే ఈ రెండు కొలతలు మన పూర్వులకు తెలియనివి కావు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో క్షారాన్ని వండే విధానానికి ఒక అధ్యాయమే ఉంది. మోదుగ మొదలైన చెట్లను కాల్చిన బూడిదను నీటిలో కలిపి, వడగట్టి, మరిగించి తీసే క్షారాన్ని ఆ గ్రంథం మృదువు, మధ్యమం, తీక్ష్ణం అని మూడుగా విభజించింది. కాల్చిన సున్నపురాయి, శంఖం వంటివి కలపకుండా వండితే మృదువు, కలిపితే మధ్యమం. బూడిద క్షారానికి సున్నం చేరితే తీవ్రత పెరుగుతుందన్న ఈ గ్రహింపు రసాయనికంగా అక్షరాలా సరైనది. విద్యుత్తుతో కాస్టిక్ సోడా తీసే పద్ధతి రాకముందు ఐరోపా కర్మాగారాలు చేసినదీ సోడాకు సున్నం కలపడమే. మొలలు మొదలైన వ్యాధులలో పూసిన క్షారాన్ని నూరు మాత్రలు లెక్కించేంత సేపు ఉంచాలనీ, ఆ చోటు నల్లబడటమే కాలిందనడానికి గుర్తు అనీ సుశ్రుతం చెప్పింది. ఎంత బలమైనది, ఎంతసేపు తగిలింది, ఏ గుర్తు కనబడింది. డ్రెయిజ్ పట్టికలోని గడులు ఇవే కదా. మనవాళ్లు అన్నీ ముందే కనిపెట్టారని చాటడం నా ఉద్దేశం కాదు. సుశ్రుతునికి అది శస్త్రం, జాక్సన్‌కు అది ఇంట్లోని శత్రువు. ప్రశ్నలు మాత్రం ఒకటే.

తిరిగి కథలోకి వద్దాం. జాక్సన్ 1958లో మరణించారు. 1960లో వచ్చిన కొత్త చట్టం ఇంట్లో వాడే ప్రమాదకర పదార్థాలన్నిటికీ వర్తించింది. పన్నెండు పేర్ల జాబితా స్థానంలో ఒక నిర్వచనం వచ్చింది. తగిలిన సజీవ కణజాలాన్ని రసాయనిక చర్యతో నాశనం చేసేదేదైనా తినివేసే పదార్థమే. జాబితాలో లేని కొత్త పదార్థం తప్పించుకోలేదు కనుక ఇది మెరుగైన పద్ధతి. అయినా ఒక మోసం మిగిలిపోయింది. పలుకుల రూపంలోని క్షారాన్ని నోట్లో వేసుకున్న బిడ్డ మంటకు వెంటనే ఉమ్మేస్తుంది, గాయం చాలాసార్లు నోటికే పరిమితమవుతుంది. ఆ దశకంలో అమెరికా బజారులోకి గాఢమైన ద్రవరూప క్షారాలు వచ్చాయి. ద్రవం నోటిలో ఆగదు, నేరుగా దిగుతుంది. లూషియన్ లీప్ అనే పిల్లల శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు 1971లో ఈ ద్రవ క్షారాల ప్రమాదాన్ని ఒక ప్రముఖ వైద్య పత్రికలో బయటపెట్టారు. ఆసుపత్రులలో రోగుల భద్రత కోసం తరువాతి కాలంలో ఉద్యమించిన లీప్ ఈయనే. 1970 నాటి చట్టం కింద పిల్లలు తీయలేని మూతలు తప్పనిసరి చేసినప్పుడు రూపాన్ని బట్టి గీత మార్చారు. పొడి, పలుకు రూపంలో 10 శాతం దగ్గర, ద్రవం మొదలైన ఇతర రూపాలలో 2 శాతం దగ్గరే.

అంతర్జాతీయంగా చూస్తే, ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్యసమితి సిఫార్సులు తొలిసారి 1956లో వెలువడ్డాయి. మన ట్యాంకర్ మీది 8, 1824 ఆ వరుసలోనివి. 1992 నాటి రియో సదస్సులో దేశాలన్నిటికీ ఒకే వర్గీకరణ కావాలని నిర్ణయించగా 2003లో ఆ గ్రంథం మొదటిసారి ప్రచురితమైంది. విచిత్రమేమిటంటే ఇంతా చేసి కాస్టిక్ సోడా మెట్టు విషయంలో నేటికీ అన్ని పట్టికలూ ఏకం కాలేదు. ఐరోపా సమాఖ్య పట్టికలో 5 శాతం, అంతకు మించిన కాస్టిక్ సోడా అత్యంత తీవ్రమైన మొదటి మెట్టులో ఉంది. రవాణా పట్టికలో అదే పదార్థం రెండవ మెట్టులో ఉంది. రవాణా పట్టికలోని పేర్లకు మెట్లు కేటాయించినది దీర్ఘకాల అనుభవాన్ని బట్టి అని ఆ గ్రంథమే చెబుతుంది. ఒకే పదార్థానికి రెండు మెట్లు చూసి ‘నిపుణులకే తెలియదు’ అని కొట్టిపారేయకండి. ఏ మెట్టయినా బొమ్మ అదే, గాయమూ అదే.

మన చట్టాలలోనూ ఒక విశేషం ఉంది. ఆసిడ్ దాడుల నేపథ్యంలో 2013లో శిక్షాస్మృతిని సవరించినప్పుడు, తినివేసే లేక కాల్చే స్వభావం ఉండి శరీరానికి హాని చేయగల ఏ పదార్థమైనా ‘ఆసిడ్’ కిందికే వస్తుందని వివరణ చేర్చారు. రసాయన శాస్త్రం ఒప్పుకోదు గాని, చట్టం దృష్టిలో కాస్టిక్ సోడా కూడా ఆసిడ్‌గా పరిగణింపదగినదే. ఇందులో చట్టం రసాయన శాస్త్రం కంటె వివేకంగా ప్రవర్తించిందని నా అభిప్రాయం.

చివరగా, 1927 నాటి డబ్బాలలోని ఒక పొరపాటు. చికిత్స ముద్రించాలని చట్టం ఆదేశించింది. ఆ కాలపు నమ్మకం ప్రకారం క్షారానికి వెనిగర్, నిమ్మరసం వంటి పులుపు విరుగుడని రాసేవారు. సుశ్రుతుడు కూడా క్షారదాహాన్ని అణచడానికి పుల్లని ద్రవ్యాలే చెప్పాడు. కాని అది వైద్యుని కళ్లముందు, శరీరం పైభాగాన, ఒక చిన్న చోట పూసిన క్షారానికి. మింగిన క్షారానికి పులుపు పోస్తే చర్యలో వేడి పుడుతుంది, వాంతి కావచ్చు, కాలిన గొట్టం రెండోసారి కాలుతుంది. నేటికీ మన ఇళ్లలో నిమ్మకాయ పిండేవారు ఉన్నారు. దయచేసి వద్దు. ఉప్పునీరు తాగించి వాంతి చేయించడమూ వద్దు. నోటిని నీటితో కడగండి, బలవంతంగా ఏదీ తాగించకండి, వెంటనే ఎండోస్కోపీ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నోటిలో పుండు కనబడలేదు కదా అని ఊరుకోకండి, నోరు శుభ్రంగా ఉండి అన్నవాహిక కాలిన సందర్భాలున్నాయి. కంటిలో పడితే కనీసం అరగంట ఆపకుండా నీటితో కడుగుతూ ఉండాలి. చర్మంపై పొడి పడితే ముందు దులిపి, తరువాత ధారాళంగా నీరు పోయాలి. మింగిన బిడ్డ ఇంటికి వచ్చాక కూడా మూడు నాలుగు వారాల పాటు మింగడాన్ని గమనించండి, ముద్ద ఆగుతున్నదంటే మళ్లీ వైద్యుని వద్దకు వెళ్లాలి. దశాబ్దాల తరువాత అదే చోట క్యాన్సర్ వచ్చే ముప్పు కూడా ఉంది కనుక ఆ బిడ్డ పెద్దయ్యాక తన చరిత్రను వైద్యునికి చెప్పగలగాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ డబ్బాను గాని పొట్లాన్ని గాని వెంట తీసుకువెళ్లండి. పదార్థం పేరు, శాతం, ద్రవమా పలుకులా అన్నదానిపై చికిత్స ఆధారపడుతుంది. నా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులలో చాలామంది తెచ్చినది డబ్బా కాదు, ఖాళీ కూల్‌డ్రింక్ సీసా. పెద్ద డబ్బాలో చవకగా కొని కొంచెం కొంచెంగా అందులో పోసుకుని, స్నానాలగది మూలన పెట్టుకున్నది. దాని చుట్టూ ఉన్న కాగితంపై నారింజపండు బొమ్మ ఉండేది.